మన వంతు కిటికీ

మార్చి 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నా ఒంట్లో బాగానే ఉంది, ఓపికే అడుగంటింది. మరదలూ పిల్లలూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మన హైస్కూలు మూసేస్తున్నారట, ఆపడానికి పాత విద్యార్థులం సంఘం పెట్టాం, హెడ్మిస్ట్రెస్‌వి కాబట్టి అర్జీ మీద మొదటి సంతకం నువ్వే పెట్టాలి అని రాశావు. ఉత్తరం నిండా ఆవేశమే. ఎంతైనా నాన్న పోలిక.

నువ్వు అప్పటికి పుట్టలేదు, మన బడి కిటికీల సంగతి నీకు సరిగా తెలియదు. ఫ్యాక్టరీ వాళ్లు ఈ శివారులో ఇళ్లు కట్టించారు గానీ బడి ఊసెత్తలేదు. ప్రభుత్వం గోడలు లేపి, కిటికీల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసింది. సరే, ఇంటికో కిటికీ అనుకున్నారు. ఒకరు పాతది పీకి తెచ్చారు, ఇంకొకరు కొత్తది చేయించారు. అందుకే మన బడిలో ఏ రెండు కిటికీలూ ఒక్కలా ఉండవు. ఎవరిచ్చింది వాళ్లే చూసుకోవాలి, రంగైనా రిపేరైనా. వేసవి సెలవుల్లో అందరూ నిచ్చెనలతో దిగేవాళ్లు. నాన్న మన ఆకుపచ్చ కిటికీకి రంగేస్తుంటే, ఇల్లు కారుతున్నా పట్టదు గానీ దీనికి మాత్రం సింగారమా బావా అని వడ్రంగి మామయ్య ఏడిపించేవాడు.

వరదొచ్చినప్పుడు కాలనీ అంతా ఆ గదుల్లోనే తలదాచుకుంది. ఓట్లూ అక్కడే, టీకాలూ అక్కడే. డ్యూటీ దిగినవాళ్లకి సాయంత్రం చదువు చెప్పిందీ అక్కడే. అమ్మ సంతకం నేర్చుకున్నది నా బెంచీ మీదే.

మొన్నటి మీటింగుకి హాలు పట్టలేదురా. మైకు పట్టుకున్న ప్రతివాడూ కళ్లు తుడుచుకోవడమే. మందుల షాపాయన ఈ బడి మా కన్నతల్లి అన్నాడు. నాకు ఒళ్లు మండి, మీలో ఎవరి పిల్లలు ఇక్కడ చదువుతున్నారో చెయ్యెత్తండి అన్నాను. బట్టలు కుట్టే ఆవిడ ఒక్కతే చెయ్యెత్తి, లెక్కల టీచరు ఎప్పుడొస్తారమ్మా అని అడిగింది. రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నది నేనే. చరిత్ర చెప్పుకునేదాన్ని, నాకేం లెక్కలొచ్చురా?

ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. చురుకైన పిల్ల. నేను బోర్డు మీద తప్పు చేస్తే పైకి అనదు, నేను నొచ్చుకుంటానని. తన పుస్తకంలో మాత్రం సరిగ్గా వేసుకుంటుంది. అది కనిపెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు.

మన కిటికీ ఒక రెక్క ఊడింది, తాడుతో కట్టించాను. నాన్న పోయాక దాని పూచీ నాదే అన్నావు, ఇటు తొంగి చూసిన పాపాన పోలేదు. ఈసారన్నా రా. స్క్రూడ్రైవరు మర్చిపోకు. సంతకం సంగతి వచ్చాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
అలిసిపోయిన మీ అక్క

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. బడి మూసేయండి, పిల్లల్ని మెయిన్ రోడ్డు మీది హైస్కూల్లో చేర్చుకోండి, అక్కడ లెక్కల టీచరున్నారు అని పై ఆఫీసుకి రాసింది నేనే. బస్సు కూడా అడిగాను, ఒప్పుకున్నారు. తిట్టాలనుంటే వచ్చి తిట్టు, పడతాను. స్క్రూడ్రైవరు తెమ్మన్నది మన కిటికీ విప్పి తీసుకెళ్లడానికి. నా చేతులతో నేను విప్పలేనురా.