చెంచాడు బర్రెపాలు

తార్నాక,
14 జులై 2022

ప్రియమైన అత్తమ్మకు,

ఫోన్‌లో మాట్లాడితే మాటా మాటా పెరుగుతోందని ఉత్తరం రాస్తున్నాను. కవరు అంటించి మామయ్య సంచిలో పెడుతున్నాను.

జశ్వంత్‌కు నయంగానే ఉంది. పెదవుల వాపు దిగింది, దద్దుర్లు పోయాయి. నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. వాడికి పాలు పడవని ఏడో నెలలోనే డాక్టరుగారు చెప్పారు, మీకూ చెప్పాను. అయినా నేనూ మీ అబ్బాయి శామ్యూలూ వాణ్ని మీ ఇంట్లో వదిలి యూనివర్సిటీలో పరీక్షల డ్యూటీకి వెళ్లిన రోజే చెంచాడు పాలు పట్టారు. పైగా "ఆవుపాలు పడవన్నరు గని, మనయి బర్రెపాలు గదనే" అన్నారు. ఆవుపాలలో వాడికి పడనిది బర్రెపాలలోనూ, మేకపాలలోనూ ఉంటుందట.

చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ ఇది పోతుందట. వీడికి ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. మీరు ఎప్పుడైనా వచ్చి చూడండి. కానీ అది పోయేదాకా వాణ్ని మీ దగ్గర ఒంటరిగా వదలను. మామయ్య మాత్రం ఎప్పటిలాగే పగలంతా ఇక్కడే వాణ్ని చూసుకుంటారు. ఆయన మీద నాకు నమ్మకం ఉంది.

మీ కోడలు,
రజిని

అంబర్‌పేట,
16 జులై 2022

ప్రియమైన రజినికి ప్రభువు పేరున దీవెనలు.

నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే నువ్వే దిద్దుకో. తప్పు నాదే. అంతకు మించి రాయడానికి ఏం లేదు.

పిల్లవాడు పాలు తాగేదాకా నేనూ ముట్టనని ప్రార్థనలో చెప్పుకున్నాను. పొద్దున్నే ఆరు బర్రెలు పిండి, డికాక్షన్ తాగుతుంటే పాలకొచ్చినవాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ.

మీ మామను రావద్దనలేదు. నాకు అది చాలు.

మీ అత్తమ్మ,
బాలలక్ష్మి

తార్నాక,
3 డిసెంబర్ 2023

ప్రియమైన అత్తమ్మకు,

మీరు పంపిన మలీద ముద్దలు అందాయి. నెయ్యి వేయకుండా రొట్టెలూ బెల్లమూ దంచి, పాలు తగలని కొత్త గిన్నె కొని మరీ చేశారని మామయ్య చెప్పారు. జశ్వంత్ నాలుగు తిని, అయిదోది జేబులో పెట్టుకున్నాడు. నిక్కరు ఉతికింది నేను.

తాతా మనవళ్లు క్యాంపస్‌ను ఏలుతున్నారు. పొద్దున నెమళ్ల కోసం చెట్లలోకి, ఆ తర్వాత మామయ్య ముప్పై ఏళ్లు అటెండరుగా చేసిన కెమిస్ట్రీ ల్యాబుకు. "గీడనే నీ తాత సీసాలు కడిగిండు" అని రోజూ చూపిస్తారట. వీడు రోజూ కొత్తగా వింటాడట.

మొన్న హాస్టల్ అమ్మాయి ఒకతె ముద్దుచేసి బిస్కట్ ఇవ్వబోతే మామయ్య లాక్కుని, అద్దాలు పెట్టుకుని ప్యాకెట్ వెనకంతా చదివారు. అది చాలక దుకాణం అతనితో మళ్లీ చదివించారు. పాలపొడి ఉందట. నాకంటే ఆయనకే భయం ఎక్కువ.

క్రిస్మస్‌కు మీరు రండి. అందరం ఉంటాం కదా.

మీ కోడలు,
రజిని

తార్నాక,
8 ఆగస్టు 2024

ప్రియమైన అత్తమ్మకు,

మీరు ఆశ పెట్టుకుంటారని ముందు చెప్పలేదు. మొదట ఆసుపత్రిలోనే పాలు పోసి కాల్చిన కేకు తినిపించి చూశారు. ఏమీ కాలేదు. కిందటి నెల ఆవుపాలు పట్టారు. అప్పుడూ ఏమీ కాలేదు. ఈసారి ఇంట్లో తాగబోయే పాలే తెమ్మన్నారు. నిన్న మామయ్య మీ దగ్గర సీసాలో పోయించుకొచ్చినవి అందుకే.

ముందు చుక్క. తర్వాత చెంచా. ప్రతిసారీ ఆగడం, ఒళ్లంతా చూడటం. మధ్యాహ్నానికి గ్లాసు ఖాళీ అయింది. వాడు "ఇంక లేవా?" అన్నాడు. డాక్టరుగారు నవ్వి, ఇక తాగనివ్వండి అన్నారు. నేను ఏడ్చాను. వరండాలో మామయ్య నాకంటే ఎక్కువ ఏడ్చారు.

పద్దెనిమిదో తారీఖు ఆదివారం వాణ్ని మీ దగ్గర వదిలి సాయంత్రం దాకా వెళ్లిపోతాం. ఆ రోజు గ్లాసు మీ చేత్తోనే పట్టండి. రెండేళ్లు మీ మీద చాలా కఠినంగా ఉన్నాను. నన్ను క్షమించండి.

మీ కోడలు,
రజిని

అంబర్‌పేట,
10 ఆగస్టు 2024

ప్రియమైన రజినికి,

ఈ ఉత్తరం మీ మామ సంచిలో పెట్టడం లేదు. పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మోకాళ్ల మీద ఉండిపోయాను. దేవుడికి స్తోత్రం. కానీ నువ్వు క్షమించమన్నావు చూడు, అది నాకు చెందేది కాదు. ఉంచుకోవడానికి మనసు ఒప్పలేదు.

ఆ చెంచా నేను పట్టలేదు. నేను కొట్టంలో పాలు పిండుతున్నాను. బర్రెపాలైతే ఏం కాదనుకుని మీ మామ పట్టాడు. నేను వచ్చేసరికి పిల్లవాడి పెదవులు ఉబ్బాయి. ఆసుపత్రిలో నువ్వు "ఎవరు పట్టిన్రు?" అని అడిగినప్పుడు ఆయన నోరు తెరిచాడు. నేనే ముందు "నేనే" అన్నాను. నేను నీతో అన్న ఆ బర్రెపాల మాట కూడా ఆయనదే.

ఆయన రిటైరై అప్పటికి మూడు నెలలు. పొద్దున్నే లేచి తయారై, వెళ్లడానికి చోటు లేక వాకిట్లో కూర్చునేవాడు. పిల్లవాడి పని దొరికాకే మళ్లీ మనిషయ్యాడు. నువ్వు ఆయన్ను రావద్దంటే ఏమయ్యేవాడో. నాకు ఆరు బర్రెలున్నాయి. ఆయనకేమున్నది?

"రజినికి చెప్పేస్త" అని ఎన్నోసార్లు బయల్దేరాడు. "చెప్పినవంటే నా మీద ఒట్టే" అని నేనే ఆపాను. అబద్ధం నాది. కోపం నా మీదే పెట్టుకో.

మీ అత్తమ్మ,
బాలలక్ష్మి

తార్నాక,
16 ఆగస్టు 2024

ప్రియమైన అత్తమ్మకు,

పోస్టులో మీ ఉత్తరం వచ్చింది. కోపం వచ్చింది, దాచను. మీ ఇద్దరి మీదా వచ్చింది. మామయ్య జశ్వంత్‌ను ఎత్తుకుని వాకింగ్ నుంచి వచ్చేదాకా ఉంది.

చేతిలో బిస్కట్ ప్యాకెట్. ఇక ఏదైనా తినొచ్చని డాక్టరుగారు చెప్పి వారం దాటింది. ఆయన ఇంకా గుమ్మంలో నిలబడి, అద్దాలు పెట్టుకుని దాని వెనక చదువుతున్నారు. చాయ్ పెట్టి ఇచ్చాను.

ఆదివారం వస్తున్నాం. ఒక చిన్న మార్పు. గ్లాసు మీరు పట్టొద్దు. మామయ్యను పట్టమనండి, రజిని చెప్పిందనండి. మీరు పక్కనే కూర్చుని పాలు పోసిన చాయ్ తాగండి.

ఈ ఉత్తరం మామయ్య సంచిలోనే వస్తుంది. ఈసారి కవరు అంటించలేదు. దారిలో చదివితే చదవనీ.

మీ
రజిని