నేను వచ్చాకే కొలిమి వెలిగించాలి

ఏమండీ,

కొలిమి గ్యాస్ గొట్టం లీకవుతోంది కనుక కొత్తది కొనడానికి వెళ్తున్నాను. అంతవరకూ పెరట్లో కొలిమి వెలిగించకండి. ఇసుక అచ్చు ఇంకా తడిగా ఉంది. కరిగిన అల్యూమినియం పోస్తే ఆ తడి ఆవిరై, లోహాన్ని మన మొహాల మీదికే చిమ్ముతుంది.

నిన్న సొట్ట గిన్నెలు పాదరసంలా కరిగితే నాకు గెంతాలనిపించింది. "ఈ వయసులో ఇదేం పిచ్చే నీకు?" అని ఆర్నెల్లు సణిగిన మీరేమో నిజంగానే గెంతారు!

తా.క.: అచ్చు విప్పకండి. కారణం చెప్పకపోతే విప్పుతారు, చెబితే గుట్టు రట్టవుతుంది. సరే, రట్టే కానివ్వండి: మన మొదటి పోత మీ చేతికర్రకు పిడి. సాయంత్రం మాత్రం ఏమీ తెలియనట్టు ఆశ్చర్యపోండి.