అరచేతికి అందని పాట

అమ్మా,

నువ్వు పోయాక చేరిన మదీనాగూడ కంపెనీలో, నేను డిజైన్ చేసిన మొదటి రికార్డు ప్లేయర్‌ను ఈరోజు పరీక్షించారు. నెగ్గకపోతే మళ్లీ మొదటి నుంచి గీయాలి. రికార్డు పెట్టిన పళ్లెం తిరుగుతుంటే కింది చెక్క పీట మీద అరచెయ్యి ఆనించాను. చెవులు వినపడని నువ్వు మూసాపేట గదిలో రేడియో మీద చెయ్యి పెట్టి పాట తెలుసుకునేదానివి కదా, అలాగే.

"ఏందమ్మా, మిషన్‌కు జరం చూస్తున్నవా?" అన్నాడు ఫిట్టర్ యాదగిరన్న.

"వణుకుతుందేమో అని, అన్నా."

"వణకొద్దు మరి! గా వణుకు సూదికెక్కితే పాటంత కరాబైతది."

వణకలేదు. చేతికి ఏమీ తెలియలేదు. స్పీకర్లలో మాత్రం గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. అందరూ మెచ్చుకున్నారు. నాకే వింతగా అనిపించింది. ఎంత బాగా చేస్తే అంతగా నీ చేతికి అందకుండా పోయే యంత్రం ఇది.

అందుకే సాయంత్రం ఇంకో బొమ్మ గీయడం మొదలుపెట్టాను. స్పీకర్‌కు ఆనించే చెక్క పలక. దాని మీద చెయ్యి పెడితే పాట తెలియాలి. టేకు ముక్క ఒకటి, వేప ముక్క ఒకటి తెచ్చుకున్నాను. నీ చేతికి ముందు తెలిసేది దరువో, గొంతో నేనెప్పుడూ అడగలేదు. రేపు చెవుల్లో దూది పెట్టుకుని చూస్తాను.