గండికోట కాకోలం

పెద్దముడియం,
10 నవంబర్ 2025

గౌరవనీయులైన నాగేశ్వరయ్య సార్‌కు,

మీకు, కనకమ్మ మేడమ్‌కు మీ విద్యార్థిని ఏంజెల్ వందనాలు. మీ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని తలుస్తాను.

మన జిల్లా పక్షుల పుస్తకం ఈ నెల ఇరవైన ప్రొద్దుటూరులో అచ్చుకు పోతుందని నాతో మీ దగ్గర చదివిన జీవన్ కుమార్ చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. అందులో నా పేరుతో ఉన్న కాకోలం వివరం తప్పు. దాన్ని తీసేయండి. ఫోన్‌లో చెప్పాలని రెండుసార్లు చేశాను. రెండుసార్లూ మీరు, "ఏమ్మా కాకోలమ్మా, పులివెందులకు ఎప్పుడొస్తాండావు?" అని నవ్వేసరికి సంగతి చెప్పకుండానే పెట్టేశాను. కాగితమైతే నవ్వదు.

ఫిబ్రవరిలో గండికోట లోయ అంచున నేను చూసింది బొంతకాకి. ఊరకాకికి మెడ బూడిద రంగు కాబట్టి అది కాదని వెంటనే తెలిసింది. ఒళ్లంతా నలుపు, లావు ముక్కు. లోయలోంచి పైకి కొట్టే గాలికి గొంతు కింది ఈకలు లేచి గడ్డంలా కనిపించాయి. కాకోలానికి అలాంటి గడ్డం ఉంటుందని చదివి ఉన్నాను. పక్కన పోల్చుకోవడానికి ఇంకో పక్షి లేదు. ఖాళీ ఆకాశంలో అది గద్దంత అనిపించింది.

కాకోలం రాజస్థాన్ ఎడారిలో, హిమాలయాల్లో ఉండే పెద్ద కాకి జాతి పక్షి. గండికోటలో కనిపించిందంటే దేశమంతా మన జిల్లా వైపు చూస్తుందని మీరు అన్నారు. ఆ మాట నన్ను తొమ్మిది నెలలు మోసింది.

మొన్న శనివారం మా నాన్నతో జమ్మలమడుగులో బస్సు మారి మళ్లీ గండికోటకు పోయాను. మా నాన్న ఫిలిప్ మీకు తెలియడు. ముప్పై ఏళ్లు జొన్నచేలలో మంచె మీద కూర్చుని పిట్టలను తోలిన మనిషి. ఆయన పక్షిని మొదట చూడడు, వింటాడు. బండ మీద కూర్చుని తలగుడ్డ విప్పి, నన్నూ మాట్లాడకుండా కూర్చోమన్నాడు. గంటకు అలాంటి పక్షే ఒకటి అరిచింది.

"కా అంటాండాది. మన బొంతకాకే పాపా," అన్నాడు. కాకోలం గొంతు వేరని, లోతుగా 'క్రోంక్' అంటుందని నేను చెప్పాను. "అట్ల ఈడ యాదీ అరవదు," అన్నాడు. తరువాత అది రెక్కలు చాచి మా తలల మీదుగా పోయింది. కాకోలం తోక మేస్త్రీ తాపీలాగా నడిమికి మొనదేలి ఉండాలి. దీని తోక విసనకర్రలా గుండ్రంగా విచ్చుకుంది. పసులపోలిగాని పిట్ట చీలిన తోకను బడికి పోని పిల్లకాయలు కూడా గుర్తుపడతారు. ఇంత చదివి నేను కాకి తోక తప్పు చెప్పాను.

నాన్న నవ్వి, "పుస్తకంలో పిట్టను కొండ మీద ఎతుకుతాండావు. కొండ మీద పిట్టను ఎప్పుడు సూస్తావు?" అన్నాడు.

ఆ వివరం చూసే నన్ను డిసెంబర్ నుంచి పక్షుల సర్వే ఉద్యోగానికి తీసుకుంటున్నారు. వాళ్లకూ ఇవాళే ఉత్తరం వేస్తున్నాను. మా ఇంట్లో నెల జీతం చూడబోయే మొదటి మనిషిని నేనే. అయినా లేని పక్షి మీద నిలబడి ఆ పనికి పోలేను. మీరు వద్దని చెప్పినా నా మాట ఇదే.

మీ విధేయురాలు,
ఏంజెల్

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. పైన రాసినదంతా చదివితే నేను చేసింది పొరపాటులాగా ఉంది. అది పొరపాటు కాదు. ఫిబ్రవరిలోనూ నాన్న నా పక్కనే ఉన్నాడు. అప్పుడూ బొంతకాకే అన్నాడు. "నీకేం తెలుసు నాన్నా, ఊరుకో," అన్నాను. ఊరుకున్నాడు. నేను తీసినవి నాలుగు ఫోటోలు, మీకు పంపినవి మూడు. గుండ్రని తోక కనిపించే నాలుగోది దాచాను. దాన్ని ఇందులో పెడుతున్నాను. మొన్న నాన్నను తీసుకుపోయింది తెలుసుకోవడానికి కాదు, ఆయన మాట ఆయన ముందర ఒప్పుకోవడానికి.

మీరిచ్చిన ఫారంలో 'తోడు చూసినవారి సంతకం' అన్నచోట 'ఎవరూ లేరు' అని రాశాను. మా నాన్నది వేలిముద్ర. అది అక్కడ ఉంటే మీరు నమ్మరేమోనని సిగ్గుపడ్డాను. ఇప్పుడు కొత్త ఫారం నింపాను. పక్షి: బొంతకాకి. గుర్తించినవారు: ఫిలిప్. కింద ఆయన వేలిముద్ర ఉంది. పుస్తకంలో ఇదే వేస్తారో లేదో, పద్దెనిమిదో తేదీ లోపల జవాబు రాయండి.