అమ్మమ్మ గ్లాసులో నీళ్లు

యాడిరా తల్లీ,

క్యూబా నుంచి ఈ మయామీ దాకా తుఫానంటే భయపడని మగాడు మీ తాత ఒక్కడే. చిన్నప్పుడు మా పొగాకు కొట్టం తలుపుకి భుజం ఆనించి గాలినే వెనక్కి పంపాను.

పొయ్యి మీద నల్ల చిక్కుడు గింజలున్నాయి, ఉడకగానే దించు. తుఫాను దాటిపోయేదాకా కిటికీలకు కొట్టిన చెక్కలు తీయకు. పోయిన మీ అమ్మమ్మ కోసం బీరువా మీద పెట్టిన గ్లాసు నీళ్లు పారబోయకు. పోయినసారి ఎంగిలి గ్లాసనుకుని కడిగేశావు. దాహమంటూ ఆవిడ నా కలలోకొచ్చి తిట్టిపోసింది. ఇవాళ పొద్దున ఆ నీళ్లు నల్లబడి బుడగలు కక్కాయి, ఏదో కీడు రాబోతోందని ఆవిడ చెబుతున్నట్టు. అందుకే కాలువ గట్టున ఒంటరిగా ఉన్న మా అక్క ఒబ్దూలియాను తీసుకురావడానికి బండిలో వెళ్తున్నాను.

"ఒరేయ్ ఎవెలియో, నువ్వు రాకురా! గాలి ఊళేస్తే మంచం కింద దూరే పిరికి సన్నాసివి!" అంది అక్క ఫోనులో. నిజమేలే. ఆనాడు తలుపు ఆపింది అక్క, మంచం కింద దూరింది నేను. అందుకే ఇవాళ నేనే వెళ్లాలి.

చీకటి పడినా మేం రాకపోతే మమ్మల్ని వెతుక్కుంటూ బయల్దేరకు. మీ అమ్మనీ రానివ్వకు.

తాత

ఇంకోమాట. బుడగలు నేను కల్పించినవి. గ్లాసులో నీళ్లు తేటగానే ఉన్నాయి. నల్లటి నీళ్లు వచ్చింది అక్క వంటింట్లోకి. అక్క ఆ మాట చెబుతుండగానే ఫోను తెగిపోయింది.