రిసీవర్ వైపు తిప్పిన ఫ్యాన్

1996 మే, శనివారం

మధ్యాహ్నం డిష్ రిసీవర్ దానంతట అదే ఆగిపోయింది. ముట్టుకుంటే పెనంలా కాలింది. మా ఆయన పోయినప్పటి నుంచీ పొద్దున లేవగానే టీవీ పెడతాను, నిద్ర పట్టేదాకా ఆపను. నారాయణగూడ నుంచి మెకానిక్‌ను పిలిపించాను.

"ఏందమ్మా, దీని మీద గింత మందం గుడ్డ కప్పిన్రు? లోపలి వేడి యాడికి పోతది? ఇంట్ల ఎంతమంది చూస్తరు?"

"నలుగురం," అన్నాను. ఉండేది నేనొక్కదాన్నే. ఎందుకలా అన్నానో తెలియదు.

"అయితే అందరికీ చెప్పుండ్రి. మధ్యల జర బంద్ చేసి సల్లారనియ్యాలె. లేకుంటే కాలిపోతది."

దుమ్ము పడకూడదని నేనే కప్పిన గుడ్డ అది. అతను వెళ్ళాక రిసీవర్ ఆపి కూర్చున్నాను. రోడ్డు మీద బస్సుల హారన్లు తప్ప ఇంట్లో చప్పుడే లేదు. అరగంట కూడా ఉండలేకపోయాను. మంచం పక్కనున్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి, రిసీవర్ వైపు తిప్పి, మళ్ళీ ఆన్ చేశాను. ఎవరో నాకు రాని భాషలో వార్తలు చదువుతున్నారు. చెమటలు కారుతున్నా కూర్చుని విన్నాను.

ఇప్పటికీ ఫ్యాన్ దాని వైపే ఉంది. ఈ ఉక్కలో నిద్ర పట్టేలా లేదు. ఇటు తిప్పుకుందామంటే భయంగా ఉంది...