పురుగు పట్టని తీగ గులాబీ

మార్చి 6, గురువారం
ఉదయం పది గంటలు

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, మీ తాతయ్యా, దారి పక్కన ఎనిమిది పొద గులాబీలూ. నువ్వక్కడ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరంలో ఆ సంగతే లేదు కాబట్టి కాస్త అనుమానంగానే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఉత్తరానికి మూడు రోజుల్లో జవాబు రాయాలని నీకు నేర్పింది నేనే. ఈ ఆలస్యానికి కారణం కింద రాస్తాను. ఇవాళే రాయడానికి కారణం మాత్రం ఈ ఉదయం ఆరున్నరకు మీ అమ్మ గది కిటికీ పక్కన కనిపించింది. అదీ తర్వాతే. ముందు నీ ప్రశ్నలు, నువ్వడిగిన వరసలో.

మొదటిది, అక్కడ నీ ఇంటి గేటు నుంచి గుమ్మం దాకా దారి పక్కన ఏం వేయాలని. పొద గులాబీలే వేయి. నడుమెత్తు దాటనివి, ఏడాదిలో మూడు నాలుగు విడతలు పూసేవి అడుగు. నర్సరీవాడు పెద్ద పెద్ద పూల బొమ్మలు చూపించి మురిపిస్తాడు. బొమ్మ చూడకు, ఆకు చూడు. కింది ఆకుల మీద నల్లమచ్చలుంటే ఎంత అందమైన రకమైనా వద్దను. మొక్కకూ మొక్కకూ మధ్య మూడడుగులు ఉండాలి. టేపు పెట్టి కొలువు. నీ అడుగులతో కొలవకు, నీవి పిచ్చుక అడుగులు.

రెండోది రంగు. ఒకే రంగు మంచిదని నేనంటాను. కలిపి వేయమని మీ అమ్మ అనేది. "మొక్కలకు కూడా యూనిఫారం వేసి వరసలో నిలబెడతావమ్మా నువ్వు" అని ఎగతాళి చేసేది. ముప్పై ఆరేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, వరస తప్పితే ఓర్చుకోలేను. నీ దారి, నీ ఇష్టం.

మూడోది తూర్పు గోడ. పన్నెండడుగుల గోడ, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ అన్నావు. తీగ గులాబీకి అది చాలు. గోడకు అడుగున్నర ఎడంగా గుంట తీయి. గోడకు మేకులు కొట్టి అడ్డంగా ఇనపతీగలు లాగు. కొమ్మల్ని నిలువుగా పోనివ్వకుండా వాటి మీదికి వంచి కట్టు. నిలువుగా పోయిన కొమ్మ కొసన మాత్రమే పూస్తుంది. అడ్డంగా వంచిన కొమ్మ కణుపు కణుపుకీ పూస్తుంది. ఇది నేను మీ అమ్మకు నేర్పింది కాదు, మీ అమ్మ నాకు నేర్పింది.

ఇక నాలుగోది. "అమ్మ గులాబీకి పురుగు పట్టిందన్నావు కదా అమ్మమ్మా, అచ్చం అలాంటిదే, కానీ పురుగు పట్టని రకం ఏదైనా చెప్పు" అని రాశావు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర పన్నెండు రోజులు ఆగిపోయాను.

మీ అమ్మ నిన్ను చంకనేసుకుని ఈ ఇంటికి తిరిగొచ్చిన ఏడాది ఆ తీగ నాటింది. "నీ పొదల జోలికి నేను రాను, నా తీగ జోలికి నువ్వు రాకు" అని మా ఇద్దరికీ ఒప్పందం. ఇరవై మూడేళ్లు ఆ ఒప్పందం నిలిచింది.

మొన్నటి డిసెంబరు కాదు, దాని ముందటి డిసెంబరులో, మీ అమ్మ మంచం దిగలేని రోజుల్లో, గదిలో వెలుతురు చాలడం లేదన్నాడు డాక్టరు. తీగ కిటికీని సగం కప్పేసింది. 17వ తేదీన పొదల్ని ఏటా చేసినట్టే మోకాలెత్తుకు కత్తిరించాను. చేతిలో కత్తెర ఉంది, ఇంకా ఎండ ఉంది. తీగనూ అదే కొలతకు కత్తిరించేశాను. గదిలోకి వెలుతురొచ్చింది. పని బాగా చేశాననుకున్నాను కూడా.

పొద గులాబీ కొత్త చిగురు మీద పూస్తుంది. మీ అమ్మ తీగ ఏడాదికి ఒక్కసారే, అదీ కిందటేడు పెరిగిన కొమ్మ మీదే పూస్తుంది. ఈ సంగతి మీ అమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పింది. తెలియక లెక్క తప్పిన పిల్లకు నేను సగం మార్కులిచ్చేదాన్ని. చెప్పింది చెవిన పెట్టని పిల్లకు సున్నా.

ఫిబ్రవరిలో నువ్వు ఫోన్ చేశావు. "తీగ మొగ్గ తొడిగిందా అమ్మమ్మా? మార్చి పన్నెండు నుంచి సెలవు పెట్టాను. అమ్మా నేనూ కిటికీలోంచి పూలు చూస్తాం" అన్నావు. "పురుగు పట్టిందే, ఈ ఏడు పూయదు. తొందరేముంది, మే నెలలో తీరిగ్గా రా" అన్నాను. మీ అమ్మ వేసవి దాటుతుందని డాక్టరు అన్న మాట నమ్మాను. అది నా తప్పుకు చాటు కాదు. నువ్వు సెలవు మార్చుకున్నావు. ఏప్రిల్ 11న మీ అమ్మ వెళ్లిపోయింది. నువ్వు రావలసిన రోజుకూ ఆ రోజుకూ మధ్య ముప్పై రోజులు. ఎన్నిసార్లు లెక్కేసినా ముప్పయ్యే వస్తోంది.

ఆ ఫోన్ నేను మీ అమ్మ గదిలోంచే మాట్లాడాను. పెట్టేశాక మీ అమ్మ నా వైపు తిరిగింది.

"పురుగుకి కత్తెర పట్టడం ఎవరు నేర్పారమ్మా?"

నేను దిండు సర్దుతూ, "చూశావా?" అన్నాను.

"కిటికీ పక్కనే పడుకుని ఉంటే చూడకేం చేస్తాను?"

"అప్పుడే ఆపొచ్చు కదే!"

"పిలిచాను. నర్సునడుగు. నా గొంతు నీ దాకా రాలేదు."

అంతలో తనే నవ్వింది. "పోనీలేమ్మా. వేరు ఉందిగా, వచ్చే ఏడు పూస్తుంది. పిచ్చుకకు మాత్రం నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

"చెబుతాను" అన్నాను.

చెప్పలేదు. అంత్యక్రియలకు వచ్చి నాలుగు రోజులున్నావు. వంటింట్లో నా భుజం మీద తల పెట్టి, "మార్చిలోనే వచ్చుండాల్సింది అమ్మమ్మా, తప్పు నాదే" అని ఏడ్చావు. నేను నీ తల నిమిరాను తప్ప నోరు విప్పలేదు. ఇన్నాళ్లూ నా తప్పు నిన్ను మోయనిచ్చాను. కత్తిరించడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఈ ఉదయం ఆ తీగ పూసింది. పదకొండు పూలు, వందకు పైగా మొగ్గలు. మీ తాతయ్య టీ గ్లాసుతో వచ్చి, "పురుగు వదిలిందన్నమాట" అన్నారు.

"పురుగు కాదండీ, నేను" అన్నాను.

ఆయనకు వినపడక "ఏంటీ?" అన్నారు. గట్టిగా చెప్పాను. జరిగిందంతా అరిచి చెప్పాను. పక్కింటి కుట్టుపనావిడ కిటికీ తెరిచి చూసింది. ఆయన టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టారు. తర్వాత, "పిల్లకు రాయి" అన్నారు. అంతే.

కాబట్టి నాలుగో ప్రశ్నకు జవాబు: నువ్వడిగే రకం మీ అమ్మ తీగే. దానికి ఏనాడూ ఏ పురుగూ పట్టలేదు.

ఇక జరగవలసినవి:

1. దారి పక్కకు పొద మొక్కలు కొనుక్కో. రంగులు కలిపే వేయి.

2. తూర్పు గోడ దగ్గర గుంట తీసి ఖాళీగా ఉంచు. తీగ కొనకు.

3. మార్చిలో రాకపోవడం నీ తప్పని ఇక ఎవరితోనూ అనకు. నీలో నువ్వు కూడా అనుకోకు.

4. నా తోట పుస్తకంలో కిందటేడు ఫిబ్రవరి పేజీలో "పురుగు" అని ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో అందులో నేను రాసిన అబద్ధం అదొక్కటే. కొట్టేసి "నేను" అని రాశాను. వచ్చి చూడు.

5. పూలు మూడు వారాలుంటాయి. ఈ నెల 25 లోపు రా. కోపం ఉంటే కోపంతోనే రా. మీ అమ్మ గదిలో పక్క వేసి ఉంచుతాను.

6. ముందుగా పూలు రాలిన కొమ్మల నుంచి అంటు ముక్కలు నువ్వే కోసుకో. పెన్సిల్ లావు, జానెడు పొడవు. కత్తెర నీ చేతికిచ్చి నేను మీ అమ్మ గదిలో కూర్చుంటాను. కొమ్మ కోసే ముందు, ప్రతిసారీ, ఒక్క క్షణం ఆగి కిటికీ వైపు చెవి పెట్టు.

ఇట్లు,
మీ అమ్మకు తల్లి,
నీ అమ్మమ్మ